రూలు మారింది సరే, కారణమేది?

2014 అక్టోబర్‌లో మా న్యూజెర్సీలో ఒక చిన్న ఓటింగు జరిగింది. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ అధ్యాపకులు సమావేశమై, అంతకు పదేండ్ల ముందు తామే పెట్టుకున్న ఒక రూలును తామే తీసేసుకున్నారు. అంతకు మూడు నెలల ముందు, జూన్ ఆఖర్లో, ఢిల్లీ యూనివర్సిటీ కూడా తాను ఏడాది ముందు పెట్టిన ఒక రూలును తీసేసింది. రెండూ డిగ్రీ పిల్లల చదువుకు సంబంధించినవే. రెండూ దేశమంతా చర్చ జరిగిన రూళ్ళే. కానీ ఈ రెండు రద్దులకు మధ్య నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉన్నది.

ఈ ముచ్చట మనకెందుకు అంటారా? 2015-16 విద్యా సంవత్సరం నుంచి దేశంలోని యూనివర్సిటీలన్నీ ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టం తేవాలని యూజీసీ ఒత్తిడి పెట్టింది. అంటే ఉస్మానియా, కాకతీయ, జేఎన్‌టీయూ మొదలుకొని పాలమూరు, శాతవాహన దాకా మన యూనివర్సిటీలన్నింటిలో డిగ్రీ చదువు రూపురేఖలు మారాల్సి వచ్చింది. పరీక్షలు, మార్కులు, గ్రేడ్లు, ఫెయిలైతే ఏం కావాలి, ఎన్ని సబ్జెక్టులు మిగిలితే పై ఏడాదికి పంపాలి, అన్నీ. సొంత రాష్ట్రం వచ్చినంక మన యూనివర్సిటీలు తీసుకోవాల్సి వచ్చిన మొదటి పెద్ద చదువు నిర్ణయం ఇది. దీన్ని ఎవరు, ఎట్లా, ఏ కాగితం మీద నిర్ణయించారన్నది నా ప్రశ్న.

ముందు ప్రిన్స్‌టన్ సంగతి చూద్దాం. ఈ శతాబ్దం మొదటి ఏండ్లకు వచ్చేసరికి అక్కడ ఇచ్చే గ్రేడ్లలో సగానికి దగ్గరగా ఏ గ్రేడ్లే ఉంటున్నాయి. అందరికీ ఏ వస్తే ఏ కు విలువేమిటి అని కొందరు అధ్యాపకులకు అనిపించింది. డీన్ నాన్సీ మాల్కీల్ ముందుండి నడిపించగా, 2004 ఏప్రిల్‌లో ఒక తీర్మానం వచ్చింది. ఏ ప్లస్, ఏ, ఏ మైనస్ మూడూ కలిపి మామూలు కోర్సుల్లో 35 శాతం లోపు ఉండాలి. మూడో ఏడు, నాలుగో ఏడు పిల్లలు సొంతంగా చేసే పరిశోధన పనిలో 55 శాతం లోపు ఉండాలి. ఓటింగు పెట్టారు. 156 మంది ఔనన్నారు, 84 మంది కాదన్నారు. ఈ అంకెలు గుర్తు పెట్టుకోండి. మూడింట ఒక వంతు మందికి పైగా వద్దన్నారు, ఆ సంగతి ఎవరూ దాచలేదు.

తర్వాత పదేండ్లు లొల్లే. పక్క యూనివర్సిటీ పిల్లలకు ఏ వచ్చే పనికి మాకు బీ వస్తున్నది, ఉద్యోగాల్లో, మెడికల్ సీట్లలో మేం వెనకబడుతున్నాం అని పిల్లల మొర. కోటా పెట్టి కోస్తున్నారని తల్లిదండ్రుల కోపం. 2013లో క్రిస్టఫర్ ఐస్‌గ్రూబర్ ప్రెసిడెంట్ అయ్యాడు. మన దగ్గరైతే కొత్త వీసీ వచ్చిన వారానికి ఒక సర్క్యులర్ కొట్టి పాత రూలు తీసేసేవాడు, చప్పట్లు కూడా పడేవి. ఆయన ఆ పని చేయలేదు. అధ్యాపకులతో ఒక కమిటీ వేశాడు. దానికి పెద్ద మెకానికల్, ఏరోస్పేస్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ క్లారెన్స్ రౌలీ. మనలాంటి ఇంజనీరే. లెక్కలు ముందు, అభిప్రాయాలు తర్వాత అనుకునే జాతి.

కమిటీ దాదాపు ఏడాది పని చేసింది. పిల్లలను, అధ్యాపకులను సర్వే చేసింది. ఏండ్లకేండ్ల గ్రేడ్ల లెక్కలు తీసి చూసింది. 2014 ఆగస్టులో వచ్చిన నివేదికలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటున్నది. గ్రేడ్ల తగ్గుదల 2004 రూలు అమల్లోకి రాకముందే మొదలైందట. అంటే "మనం గ్రేడ్లు మరీ ధారాళంగా ఇస్తున్నాం" అన్న చర్చ మొదలుకాగానే అధ్యాపకులు తమంత తామే చెయ్యి బిగబట్టారు. ఆ తర్వాత కొన్నేండ్లకు రూలు ఉండగానే గ్రేడ్లు మెల్లగా మళ్ళీ పైకి పోయాయి. మరి 35 అనే అంకె చేసిన పనేమిటి? పిల్లల్లో అది కోటా అనే భయం పుట్టించింది. పక్కనున్నవాడికి ఏ వస్తే నాకు పోతుందన్న పోటీ పెంచింది. అదే నివేదిక ఇంకో మాట కూడా దాచకుండా చెప్పింది: ఉద్యోగాల్లో, పై చదువుల్లో పిల్లలు భయపడ్డంత నష్టమేమీ లెక్కల్లో కనబడలేదని. రూలు తీసేయమని చెప్పే కమిటీ, రూలు వ్యతిరేకుల వాదనలోని బలహీనతను కూడా రాసింది. అందుకే ఆ కాగితాన్ని రెండు పక్షాల వాళ్ళూ నమ్మగలిగారు. అక్టోబర్‌లో ఓటింగు పెట్టి అంకెలు తీసేశారు. ఏ డిపార్ట్‌మెంట్ ప్రమాణాలు ఆ డిపార్ట్‌మెంటే రాసుకోవాలన్నారు.

ఇప్పుడు ఢిల్లీకి పోదాం. 2012 డిసెంబర్ 24న ఢిల్లీ యూనివర్సిటీ అకడమిక్ కౌన్సిల్, రెండు రోజులకే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, నాలుగేండ్ల డిగ్రీకి ఆమోదం తెలిపాయి. 2013 జూలైలో క్లాసులు మొదలు. రెండేండ్లకు ఆపేస్తే డిప్లొమా, మూడేండ్లకు బ్యాచిలర్, నాలుగేండ్లకు ఆనర్స్. అందరికీ కలిపి పదకొండు ఫౌండేషన్ కోర్సులు తప్పనిసరి. దేశంలోనే పెద్ద యూనివర్సిటీల్లో ఒకటి, అన్ని సబ్జెక్టుల సిలబస్సు ఆరేడు నెలల్లో కొత్తగా రాసుకొని బడి తలుపులు తెరిచింది. చాలామంది అధ్యాపకులు తొందరపడొద్దని మొత్తుకున్నారు, ధర్నాలు చేశారు. వినలేదు. యూజీసీ కూడా అప్పుడు ఆపలేదు.

2014 మే నెలలో కేంద్రంలో ప్రభుత్వం మారింది. నెల తిరగకముందే, జూన్ 20న, అదే యూజీసీ మూడేండ్ల డిగ్రీకే అడ్మిషన్లు ఇవ్వాలని ఆదేశించింది. అడ్మిషన్లు ఆగిపోయాయి. ఇంటర్, ప్లస్ టూ అయిపోయి మార్కుల మెమోలు పట్టుకొని వచ్చిన పిల్లలు కాలేజీ గేట్ల దగ్గర నిలబడ్డారు. వారం రోజుల పెనుగులాట తర్వాత జూన్ 27న యూనివర్సిటీ నాలుగేండ్ల కోర్సు వెనక్కి తీసుకున్నది. అప్పటికే ఒక ఏడాది చదివేసిన బ్యాచ్ సంగతి? వాళ్ళను మళ్ళీ మూడేండ్ల డిగ్రీలోకి సర్దే పని మొదలైంది. అందులో మన తెలుగు పిల్లలు తక్కువేం లేరు. టీటీడీ నడిపే శ్రీ వెంకటేశ్వర కాలేజీ కూడా ఢిల్లీ యూనివర్సిటీదే కదా.

నాలుగేండ్ల డిగ్రీ మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోవడం లేదు. నిజానికి అందులో కొన్ని ఆలోచనలు నాకు నచ్చాయి కూడా. మధ్యలో చదువు ఆపేయాల్సి వచ్చిన పేద పిల్లకు చేతిలో ఒక కాగితమన్నా ఉంటుంది. కానీ నిర్ణయం ఏ దారిలో వచ్చిందో అదే దారిలో పోయింది. పై నుంచి వచ్చింది, పై నుంచే పోయింది. వచ్చినప్పుడు దానికి వేళ్ళు దిగలేదు, కాబట్టి పీకేయడానికి వారం సరిపోయింది. ప్రిన్స్‌టన్‌లో పదేండ్లు ఇష్టం లేనివాళ్ళు కూడా రూలును భరించారంటే, ఆ రోజు ఓటింగులో వాళ్ళు కూడా చెయ్యెత్తారు కాబట్టి. ఓడిపోయారు, కానీ లెక్కలో ఉన్నారు.

అమెరికాలో ఇదంతా ఆకాశం నుంచి ఊడిపడలేదు. పాఠాలు, సిలబస్సు, డిగ్రీ అర్హతలు అధ్యాపకుల చేతిలో ఉండాలన్న మాట కోసం ఇక్కడ కూడా కొట్లాడారు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో 1920 ప్రాంతంలో అధ్యాపకులు పట్టుబట్టి తమ అకడమిక్ సెనేట్‌కు ఆ హక్కు రాయించుకున్నారు. 1966లో అధ్యాపకుల సంఘం, యూనివర్సిటీల యాజమాన్యాల సంఘాలు కలిసి తయారు చేసిన ఒక ప్రకటనలో, సిలబస్సు, బోధన పద్ధతి విషయాల్లో మొదటి బాధ్యత అధ్యాపకులదేనని ఉన్నది. దాన్ని పక్కకు పెట్టాలంటే యాజమాన్యం కారణం చెప్పాలి. అది చట్టం కాదు, ఒప్పందం లాంటిది. అయినా ఎనభై శాతం చోట్ల నడుస్తుందా, అరవై శాతం చోట్ల నడుస్తుందా అన్న తగువు ఎప్పుడూ ఉంటుంది, ఉండనీ.

నా పొట్టకూడు కూడా ఈ కమిటీలతోనే ముడిపడి ఉన్నది కాబట్టి కొంచెం లోపలి సంగతి చెప్తా. కొన్నేండ్లుగా నేను యూనివర్సిటీల స్టూడెంట్ రికార్డుల సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తున్నాను. అందులో డిగ్రీ ఆడిట్ అని ఒక ముక్క ఉంటుంది. ఒక పిల్లగాడి పేరు కొడితే, వాడు ఏ కోర్సులు పూర్తి చేశాడు, డిగ్రీకి ఇంకా ఏం మిగిలింది అన్నది కంప్యూటర్ లెక్కగట్టి చెప్పాలి. ఆ లెక్కకు రూళ్ళు రాయడం నా పని. రూళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? ఫ్యాకల్టీ సెనేట్ కమిటీ మినిట్స్ నుంచి. మన ఐటీ భాషలో చెప్పాలంటే అవే నాకు రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు.

ఒక స్టేట్ యూనివర్సిటీలో ఫెయిలైన కోర్సును మళ్ళీ చదివితే పాత గ్రేడు లెక్కలో ఉండాలా వద్దా అన్న రూలు మార్చారు. వినడానికి ఒక్క లైను. దాని వెనక పదునాలుగు నెలల కాగితాలున్నాయి. మొదట ఎవరు ప్రతిపాదించారు, ఎందుకు. ఇప్పుడున్న రూలు వల్ల ఎంతమంది పిల్లలు ప్రొబేషన్‌లోకి పోతున్నారు, అందులో ఎంతమంది చదువు మానేస్తున్నారు అని రిజిస్ట్రార్ ఇచ్చిన పట్టిక. నర్సింగ్ వాళ్ళు వచ్చి, మా దగ్గర మందు మోతాదు లెక్క తప్పినవాడికి పాత గ్రేడు చెరిపేస్తే ఎట్లా అని అడ్డం తిరిగిన సంగతి. వాళ్ళ కోర్సులకు మినహాయింపు. స్కాలర్‌షిప్పుల ఆఫీసు వాళ్ళ అనుమానం. చివర్లో ఒక విద్యార్థి ప్రతినిధి అడిగిన ప్రశ్న: ఇప్పటికే రెండో ఏడులో ఉన్నవాళ్ళకు ఏ రూలు? దానికి జవాబు దొరికే దాకా కమిటీ ఫైలును కింద పెట్టలేదు. ఎవరికి ఏ రూలు లాభమైతే అది ఎంచుకోవచ్చని రాశారు.

ఆ రూలును నేను సిస్టంలో ఎక్కించినప్పుడు పాత రూలును చెరపలేదు. చెరపకూడదు. పాత వరుస అట్లాగే ఉంటుంది, దాని కింద కొత్త తారీఖుతో ఇంకో వరుస చేరుతుంది. ఫలానా రోజు చేరిన పిల్లకు ఫలానా వరుస. ఇక్కడ దీన్ని కేటలాగ్ హక్కు అంటారు. నువ్వు చేరిన ఏడాది మేం అచ్చు వేసిన పుస్తకమే నీకూ మాకూ మధ్య ఒప్పందం లాంటిది. నువ్వు మధ్యలో ఉండగా నీ మీద రూలు బిగించం. మీ పిల్లలు ఇక్కడ కాలేజీల్లో ఉంటే వాళ్ళ కేటలాగ్ తెరిచి చూడండి.

దీన్ని స్వర్గమని చూపించే ఉద్దేశం నాకు లేదు. ఈ కమిటీల్లో నత్త నడక ఉంటుంది. మా డిపార్ట్‌మెంట్ కోర్సు తప్పనిసరి జాబితాలోంచి తీస్తే మాకు పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే బడ్జెట్ తగ్గుతుంది అని కొట్లాడే ప్రొఫెసర్లు ఉంటారు, పైకి మాత్రం "ఉదార విద్యా విలువలు" అంటారు. ప్రిన్స్‌టన్‌లో కూడా చివరి ఓటు అధ్యాపకులదే, పిల్లలది కాదు. అయినా సరే, అక్కడ ప్రతి నిర్ణయానికీ ఒక కాగితం ఉంటుంది. పదేండ్ల తర్వాత ఎవరైనా వచ్చి "ఇది ఎందుకు పెట్టారు?" అంటే చూపించేందుకు.

మా రోజుల్లో ఆ కాగితం లేకపోవడం ఎట్లుంటుందో మేం చూశాం. తొంభైల మధ్యలో నేను ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతుండగా నోటీస్ బోర్డు మీద ఒక సర్క్యులర్ అతికించారు. ఇన్ని సబ్జెక్టుల కంటే ఎక్కువ మిగిలితే మూడో ఏడుకు పంపరు. మేం చేరినప్పుడు ఆ రూలు లేదు. పరీక్షలు రాసేశాం, ఫలితాలు రాబోతున్నాయి, అప్పుడు వచ్చింది. యూనివర్సిటీ పేరు ఇక్కడ అనవసరం, అప్పుడు ఏ యూనివర్సిటీలో చదివినవాళ్ళనడిగినా ఇట్లాంటి కథ ఒకటి చెప్తారు. మా హాస్టల్ రూములో నల్లగొండ దిక్కు నుంచి వచ్చిన దోస్తు ఒకడుండేవాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంజనీరింగ్‌లో మొదటి ఏడు ఇంగ్లిష్ పాఠాలు అందుకోవడానికే సరిపోయింది, రెండో ఏడులో కోలుకుంటున్నాడు. ఒక్క సబ్జెక్టు తేడాతో డిటెయిన్ అయ్యాడు. వాళ్ళ నాయన మగ్గం మీద పని చేసేవాడు. ఏడాది హాస్టల్ ఖర్చు, ఏడాది ఆగిపోయిన సంపాదన.

మేం పదిమందిమి పోయి అడిగాం. ఏ కమిటీ చేసింది సార్ ఈ రూలు? ఎప్పుడు కూర్చున్నది? మా బ్యాచ్‌కు ఎట్లా వర్తిస్తుంది? కౌంటర్ అవతల గుమాస్తా ముఖం చూస్తే నిజంగానే ఆయనకూ తెలియదని అర్థమైంది. "పై నుంచి వచ్చింది బాబూ, మాకేమెరుక?" అన్నాడు. ఆ పై ఎక్కడుందో ఈ రోజుకీ మాకు తెలియదు. రూలు తప్పని నేను అనను. అన్ని బ్యాక్‌లాగులు మోసుకుంటూ నాలుగో ఏడుకు పోయి, డిగ్రీ రాకుండానే బయటపడేవాళ్ళను ఆపాలని ఎవరో మంచి మనసుతోనే ఆలోచించి ఉండొచ్చు. ఆ ఆలోచన ఎక్కడన్నా రాసి ఉంటే, మధ్యలో ఉన్న బ్యాచ్ సంగతేమిటని ఆ కాగితం మీద ఎవరో ఒకరు అడిగి ఉండేవారు.

అప్పటికీ ఇప్పటికీ కొంత మేలు జరిగింది, ఒప్పుకోవాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ పిల్లలు తమ రూళ్ళను ఆర్09, ఆర్13 లాంటి పేర్లతో పిలుచుకుంటారు. 2009లో వచ్చిన రెగ్యులేషన్ ఒకటి, 2013లో వచ్చింది ఇంకొకటి. ఏ బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో పుస్తకం మీదనే ఉంటుంది. ఇది కేటలాగ్ హక్కుకు మన పేరు. మంచి పద్ధతి. కానీ ఆ పుస్తకం తెరవండి. హాజరు ఎంత ఉండాలి, ఇంటర్నల్స్ ఎన్ని మార్కులు, ఎన్ని క్రెడిట్లు వస్తే పై ఏడు, అన్నీ ఉంటాయి. ఆర్09లో ఉన్నది ఆర్13లో ఎందుకు మారింది? పాత రూలు కింద ఎంతమంది నష్టపోయారు? కొత్తది ఎంతమందికి మేలు చేస్తుందని లెక్క? ఆ ముచ్చట ఉండదు. రూలు ఉంటుంది, కారణం ఉండదు.

కమిటీలు లేక కాదు. 1991 యూనివర్సిటీల చట్టం తీసి చూస్తే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉన్నది, అకడమిక్ సెనేట్ ఉన్నది, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఉన్నది. పేర్లు చూస్తే కాలిఫోర్నియాకు ఏ మాత్రం తీసిపోవు. లేనిదల్లా ఆ గదుల్లో ఏం మాట్లాడుకున్నారో బయటివాళ్ళకు తెలిసే దారి.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉన్నది, దాన్ని దాటేసి ప్రిన్స్‌టన్ పాఠం చెప్పడం మోసం. ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ పిల్లలు ఐదు వేల పైచిలుకు, ఒకటే క్యాంపస్. అధ్యాపకులంతా ఒక హాల్లో కూర్చొని చేతులెత్తొచ్చు. మన ఉస్మానియా, జేఎన్‌టీయూల కింద వందల కాలేజీలు, లక్షల పిల్లలు. సిలబస్సు రాసేది యూనివర్సిటీ క్యాంపస్‌లోని కొద్దిమంది ప్రొఫెసర్లు. పాఠం చెప్పేది ఎక్కడో సిద్దిపేటలోనో, మంచిర్యాలలోనో అనుబంధ కాలేజీలో, నెలజీతం సరిగ్గా రాని ఒక లెక్చరర్. సిలబస్సులో మూడో యూనిట్ అరవై గంటల్లో పూర్తికాదని, ఆ ల్యాబ్‌కు కావలసిన సామాను ఏ కాలేజీలోనూ లేదని ఆ లెక్చరర్‌కు తెలుసు. ఆయన్ను అడిగినవాడు లేడు. అడగడానికి ఒక గూగుల్ ఫారం చాలు, హాలు అక్కర్లేదు.

ఇప్పుడు సీబీసీఎస్ సంగతి తీసుకోండి. కాగితం మీద బాగుంటుంది. సెమిస్టర్లు, పది పాయింట్ల గ్రేడ్లు, కామర్స్ పిల్ల కావాలంటే సైకాలజీ చదువుకోవచ్చు, ఒక యూనివర్సిటీలో తెచ్చుకున్న క్రెడిట్లు ఇంకో దానికి పట్టుకుపోవచ్చు. నేను ఇక్కడ రోజూ చూసే వ్యవస్థే. కానీ ఛాయిస్ అంటే ఎంచుకోవడానికి రెండో వస్తువు ఉండాలి కదా. ఆదిలాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉన్న నాలుగు డిపార్ట్‌మెంట్లలో సగం పోస్టులు ఖాళీగా ఉంటే, ఆ పిల్ల ఎంచుకునేది ఏమిటి? సార్ ఉన్న సబ్జెక్టు. ఏడాదికి ఒకసారి పరీక్ష పెట్టి ఫలితాలు ఇవ్వడానికే ఆయాసపడిన ఎగ్జామినేషన్ బ్రాంచి, రెండుసార్లు పెట్టాలంటే ఎంతమంది కావాలి? ఊరి నుంచి బస్సు మీద వచ్చే పిల్లలకు సెమిస్టర్ పరీక్షల ఫీజు రెండుసార్లు కట్టడం భారమా కాదా? ఇంటర్నల్ మార్కులు కాలేజీ చేతిలో పెడితే, ఫీజు బాకీ ఉన్నవాడికి అవి సరిగ్గా పడతాయా? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడల్లా హాల్ టికెట్లు ఆపే యాజమాన్యాలున్న చోట ఇది ఊహాగానం కాదు.

వీటిలో ఏ ఒక్కదానికీ జవాబు దొరకదని నేను అనడం లేదు. ఈ ప్రశ్నలు ముందే అడిగి, జవాబులు రాసుకొని, అప్పుడు మొదలుపెట్టాలి. మన గడ్డ మీదనే దానికి ఉదాహరణ ఉన్నది. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో డిగ్రీ చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు 1917లో అనువాదాల సంస్థ పెట్టారు, దారుల్ తర్జుమా. పుస్తకాలు తయారు చేసే పని మొదలైనంక 1919లో క్లాసులు మొదలయ్యాయి. శాస్త్రాలకు మాటలే లేని చోట మాటలు పుట్టించుకున్నారు. ఆ ఉర్దూ ఇంట్లో తెలుగు మాట్లాడే మెజారిటీ పిల్లలకు పరాయిదే, అది వేరే కొట్లాట. కానీ కొత్త చదువుకు ముందు కొత్త పుస్తకం ఉండాలన్న ఇంగితం వందేండ్ల కింద మన దగ్గర ఉన్నది. పోలీస్ చర్య తర్వాత అదే యూనివర్సిటీ ఇంగ్లిష్‌లోకి మారింది.

"రాష్ట్రం వచ్చి ఏడాది కూడా కాలేదు, కరెంటు, నీళ్ళు, ఉద్యోగుల పంపకాలు, ఇన్ని తలనొప్పులుండగా బోర్డ్ ఆఫ్ స్టడీస్ మినిట్స్ అడుగుతావా" అని అప్పట్లో మిత్రులు అన్నారు. ఔను, అప్పుడే అడగాలన్నాను. ఉద్యమంలో ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద లాఠీలు తిన్న పిల్లలు చదివింది ఈ యూనివర్సిటీల్లోనే. వాళ్ళ చదువు రూళ్ళు రాసే గదిలో వాళ్ళకు ఒక కుర్చీ కూడా లేకపోతే ఎట్లా? పైగా వీసీ కుర్చీల్లో ఇన్‌ఛార్జులు కూర్చున్న కాలంలోనే ఢిల్లీ తరహా నిర్ణయాలు సులువుగా జరుగుతాయి. కాదనే గట్టి మనిషి గదిలో ఉండడు.

అడగడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ తీయండి. ప్రతి ప్రభుత్వ సంస్థ తన బోర్డులు, కౌన్సిళ్ళు, కమిటీల జాబితా ప్రకటించాలి, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయో లేదో చెప్పాలి. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలి. నిర్ణయం వల్ల ప్రభావితమయ్యేవాళ్ళకు కారణాలు చెప్పాలి. ఎవరూ దరఖాస్తు పెట్టకముందే, సంస్థ తనంత తానే చేయాల్సిన పనులివి. మా దోస్తు నాయనకు ఆ రోజు లేని హక్కు ఇప్పుడు ఉన్నది. యూనివర్సిటీ వెబ్‌సైట్లు తెరిస్తే టెండర్లు కనబడతాయి, పరీక్ష ఫీజు చివరి తేదీలు కనబడతాయి. నాలుగో సెక్షన్ పేరుతో ఒక లింకు ఉంటే దాంట్లో ఫోన్ నంబర్లు ఉంటాయి.

మనం ఇక్కడి నుంచి పంపే సాయం ఎక్కువగా కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు, గోల్డ్ మెడళ్ళు. మంచిదే. కానీ మనలో సగం మందిమి బతుకుతున్నది రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లు చదివి, "ఈ రూలు ఎందుకు? పాత డేటా సంగతేమిటి? ఏ తారీఖు నుంచి?" అని అడిగే పని మీద. ఆ పనిని మన పాత యూనివర్సిటీలకు కూడా చేయొచ్చు.

భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు పది రూపాయలు. పౌరసత్వం మారినవాళ్ళు ఊర్లో ఉన్న తమ్ముడితోనో చెల్లెతోనో పెట్టించండి. మీరు చదివిన యూనివర్సిటీకే పెట్టండి, మీరు చదివిన డిపార్ట్‌మెంట్ గురించే అడగండి. నాలుగు సంగతులు చాలు. గత మూడేండ్లలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఎన్నిసార్లు కూర్చున్నది, ఆ మినిట్స్ నకళ్ళు. అందులో అనుబంధ కాలేజీల అధ్యాపకులు, విద్యార్థులు ఎంతమంది. సీబీసీఎస్ మీద యూనివర్సిటీ వేసిన కమిటీ ఏది, దాని ముందు పెట్టిన లెక్కలేవి. ఇప్పుడు చదువుతున్న బ్యాచ్‌లకు కొత్త రూలు వర్తిస్తుందా లేదా.

నేను నాది రాసి పెట్టాను. మా తమ్ముడు వచ్చే సోమవారం పోస్టులో వేస్తున్నాడు. చట్టం ప్రకారం జవాబుకు ముప్పై రోజులు.